ఫ్లీ కాటుతో కుక్కలకు, పిల్లులకు వచ్చే చర్మ ఎలర్జీ: తరచుగా అడిగే ప్రశ్నలు

మా కుక్క చిట్టికి నాలుగో ఏడు నడుస్తుండగా తోక మొదట్లో రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడాయి. చూస్తుండగానే అది అరచేయంత అయింది. అర్ధరాత్రి మంచం కింద పళ్లతో టకటకా కొరుక్కునే చప్పుడుకి ఇంటిల్లిపాదికీ మెలకువ వచ్చేసేది. తిండి మార్చాం, షాంపూ మార్చాం, ఇంజెక్షన్లు వేయించాం. అసలు కారణం ఫ్లీ అనే చిన్న పురుగు కాటు అని తేలడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ బాధ ఇంకో మూగజీవి పడకూడదని, అప్పటినుంచి నన్ను అడిగినవాళ్లకి చెబుతూ వచ్చిన జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. మందుల మోతాదులు మాత్రం రాయడం లేదు. అవి బరువు, వయసు, ఆరోగ్యం చూసి పశువుల డాక్టరే చెప్పాలి.

ఫ్లీ అంటే గోమారేనా?

కాదు. కుక్క ఒంటిమీద ఏ పురుగు కనిపించినా మనం గోమారి అనో, పిడుదు అనో, కుక్క పేను అనో అనేస్తాం. దాంతో మందుల షాపులో ఒకటి అడిగితే ఇంకొకటి చేతికొస్తుంది. గోమారి అన్నా పిడుదు అన్నా ఒకటే, దానికి ఎనిమిది కాళ్లు. చర్మాన్ని పట్టుకుని కదలకుండా రక్తం తాగి, చిక్కుడు గింజలా ఉబ్బుతుంది. ఇంగ్లిష్‌లో టిక్ అనేది దాన్నే. ఫ్లీకి ఆరు కాళ్లు, రెక్కలు ఉండవు. పొడవు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు, రంగు ముదురు గోధుమ. రెండు పక్కల నుంచీ నొక్కేసినట్టు పల్చగా ఉంటుంది కాబట్టి వెంట్రుకల మధ్య సర్రున జారిపోతుంది. పట్టుకోబోతే గెంతుతుంది. కుక్కల మీదా పిల్లుల మీదా ఎక్కువగా కనిపించేది ఒకటే జాతి, దాని పేరు పిల్లి ఫ్లీ. అందుకే పిల్లి నుంచి కుక్కకు, కుక్క నుంచి పిల్లికి తేలిగ్గా మారుతుంది.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, పిడుదుల కోసం నీళ్లలో కలిపి ఒంటికి పూసే అమిట్రాజ్ మందు ఫ్లీల మీద పెద్దగా పనిచేయదు. మేం రెండు నెలలు అదే పూశాం.

నాలుగు పురుగులు కుడితే ఇంత పెద్ద పుండ్లు ఎందుకు పడతాయి?

దురద పెట్టేది కాటు కాదు, ఉమ్మి. రక్తం తాగేటప్పుడు ఫ్లీ తన ఉమ్మిని చర్మంలోకి వదులుతుంది. అందులోని ప్రొటీన్లను కొన్ని జంతువుల శరీరం శత్రువుగా చూస్తుంది. కుట్టిన పావుగంటకే ఒకసారి దద్దురు లేస్తుంది. అది తగ్గిందనుకునేలోపు, ఒకటి రెండు రోజులకు రెండో విడత మొదలవుతుంది. అంటే సోమవారం కుట్టిన కాటుకి బుధవారం గోక్కుంటుంది. అప్పటికి ఆ పురుగు ఒంటిమీద ఉండకపోవచ్చు కూడా. మిగతా పుండంతా కుక్క తన గోళ్లతో, పళ్లతో చేసుకునేదే. చిట్లిన చర్మంలో బ్యాక్టీరియా, ఫంగస్ చేరితే చీము, దుర్వాసన మొదలవుతాయి.

ఎలర్జీ లేని కుక్క మీద వంద ఫ్లీలున్నా అప్పుడప్పుడూ గోక్కుని ఊరుకోవచ్చు. ఎలర్జీ ఉన్నదానికి వారానికి ఒకటి రెండు కాట్లు చాలు. చిన్నప్పటి నుంచి ఎడతెగకుండా కాట్లు తింటూ పెరిగిన వాటికన్నా, అప్పుడప్పుడూ మాత్రమే కుట్టించుకునే వాటికే ఇది ఎక్కువగా వస్తుందని పశువైద్యులు చెబుతారు. వీధిలో కుక్క హాయిగా పడుకుంటుంటే, శుభ్రంగా పెంచుకునే మన కుక్కకి ఇదేంటని బాధపడేవాళ్లు చాలామంది. మీ పెంపకంలో లోపం ఏమీ లేదు. ఎక్కువగా మూడు నుంచి ఐదేళ్ల వయసులో బయటపడుతుంది. నాటు కుక్కకైనా లాబ్రడార్‌కైనా రావచ్చు.

ఒంటిమీద ఒక్క ఫ్లీ కూడా కనిపించలేదు. అయినా ఫ్లీ ఎలర్జీ అంటారేమిటి?

అందరూ బోల్తా పడేది ఇక్కడే, మేమూ అంతే. ఎలర్జీ ఉన్న జంతువు రోజంతా ఒళ్లు నాక్కుంటూ, కొరుక్కుంటూ ఉంటుంది. కనిపించిన ఫ్లీని మింగేస్తుంది. పిల్లి అయితే ఈ పనిలో ఇంకా గట్టిది. కాబట్టి ఎలర్జీ ఎంత ఎక్కువగా ఉంటే పురుగులు అంత తక్కువగా దొరుకుతాయి. "పురుగుల్లేవు కదా" అని మేం వెళ్లిన మొదటి క్లినిక్‌లో ఫ్లీ ఎలర్జీ అన్న మాటే కొట్టిపారేశారు.

పురుగు దొరక్కపోతే దాని రెట్ట కోసం వెతకండి. నేలమీద తెల్ల కాగితం పరిచి, కుక్కను దానిమీద నిలబెట్టి, పేల దువ్వెనతో తోక మొదటి నుంచి నడుం దాకా వెంట్రుకలు ఎదురు దువ్వండి. మిరియాల పొడిలాంటి నల్ల నలుసులు రాలతాయి. వాటిమీద రెండు చుక్కలు నీళ్లు వేసి ఓ నిమిషం ఆగండి. మట్టి అయితే మట్టిగానే ఉంటుంది. ఫ్లీ రెట్ట అయితే నలుసు చుట్టూ ఇటుకరంగు మరక మెల్లగా పాకుతుంది. అది జీర్ణం కాని రక్తం. చిట్టిని దువ్వినప్పుడు రాలినవి ఐదే నలుసులు. ఐదింటిలో మూడు ఎర్రబారాయి. ఎనిమిది నెలల సందేహం ఆ కాగితం మీద తీరింది.

ఒకసారి ఏమీ రాలకపోయినా ఫ్లీ ఎలర్జీ లేదని అర్థం కాదు. చాలా సందర్భాల్లో డాక్టర్లు ముందు రెండు మూడు నెలలు గట్టిగా ఫ్లీ మందు వాడించి, దురద తగ్గుతుందా అని చూస్తారు. తగ్గితే అదే నిర్ధారణ.

ఏ చోట గోక్కుంటుంటే అనుమానించాలి?

కుక్కల్లో శరీరం వెనక సగం చూడండి. నడుం చివర, తోక మొదలు, తొడల వెనక భాగం, పొట్ట కింద, గజ్జలు. తోక దగ్గర వేలితో గీరితే కాలు దానంతట అదే ఆడిస్తుంది. పళ్ల చివరలతో మొక్కజొన్న కండె ఒలిచినట్టు వరసగా కొరుక్కుంటుంది. పాతబడితే అక్కడి చర్మం మందంగా, నల్లగా, ఏనుగు తోలులా తయారవుతుంది. ఒక్కోసారి రాత్రికి రాత్రే తడితడిగా, వేడిగా ఉండే పుండు లేస్తుంది. దానికి వెంటనే వైద్యం కావాలి.

పిల్లుల్లో కూడా ఇలాగే ఉంటుందా?

ఉండదు. పిల్లి మెడ చుట్టూ, తల మీద, వీపు వెంట చేయి వేసి నిమిరితే గసగసాల్లా గరగరలాడే చిన్న చిన్న పొక్కులు తగులుతాయి. కొన్ని పిల్లులు పొట్టనూ తొడల లోపలివైపునూ నున్నగా బోడి అయ్యేదాకా నాకేస్తాయి. పైపెదవి మీద పుండు, పొట్ట మీద ఎర్రటి ఉబ్బు కూడా రావచ్చు. పిల్లి ఎవరూ చూడనప్పుడు నాక్కుంటుంది కాబట్టి "గోక్కోవడం చూడలేదు" అన్న మాటకు విలువ లేదు.

తిండి ఎలర్జీ, గజ్జి కాదని ఎలా తెలుస్తుంది?

ఇంట్లో ఖాయంగా చెప్పలేం, అంచనా మాత్రం వేయొచ్చు. ముఖం, చెవులు, పాదాలు ఎక్కువగా దురద పెడితే తిండి ఎలర్జీనో, దుమ్ము, పుప్పొడి వల్ల వచ్చే ఎలర్జీనో కావచ్చు. చెవి అంచులు, మోచేతుల దగ్గర చెక్కులు కట్టి, తట్టుకోలేనంత దురద ఉండి, ఇంట్లో మనుషులకూ దద్దుర్లు వస్తుంటే గజ్జి పురుగేమో చూడాలి. డాక్టర్ చర్మాన్ని గీరి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఒకే కుక్కకు రెండు మూడు రకాల ఎలర్జీలు కలిసి ఉండటం మామూలే. అందుకే ఖరీదైన ఎలర్జీ డైట్ మొదలుపెట్టే ముందు ఫ్లీల సంగతి తేల్చుకోవడం మేలు.

ఏ కాలంలో జాగ్రత్తగా ఉండాలి?

ఫ్లీ పిల్లలు పెరగడానికి వెచ్చదనం, తేమ రెండూ కావాలి. గాలిలో తేమ 50 శాతానికి తగ్గితే అవి ఎండిపోయి చస్తాయి. తెలంగాణలో మే నెల పొడి ఎండకు కాస్త తెరిపి దొరికి, వానలు పడగానే మళ్లీ విజృంభించడం అందుకే. కాకినాడ, విశాఖలాంటి తీరప్రాంతాల్లో ఏడాది పొడవునా తేమ ఉంటుంది. మాది కాకినాడ. మేం ఏ నెలా మందు ఆపం.

మందు వేసి రెండు వారాలైనా ఫ్లీలు కనిపిస్తున్నాయి. మందు నకిలీదా?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. చాలావరకు మందు మంచిదే, లెక్కే మనం తప్పుతున్నాం. కుక్క మీద కనిపించే పెద్ద ఫ్లీలు మొత్తం సంతతిలో సుమారు 5 శాతమే. మిగతా 95 శాతం గుడ్లు, పురుగులు, గూళ్ల రూపంలో మన ఇంట్లోనే ఉంటుంది.

ఆడ ఫ్లీ మొదటిసారి రక్తం తాగిన ఒకటి రెండు రోజులకే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. రోజుకు 40, 50 దాకా పెడుతుంది. ఆ గుడ్లు వెంట్రుకలకు అంటుకోవు. కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ, ఎక్కడ ఒళ్లు దులుపుకుంటే అక్కడ ఉప్పు రవ్వల్లా రాలిపోతాయి. వాటినుంచి వచ్చే సన్నటి పురుగులు వెలుతురుకు దూరంగా గోనె సంచి మడతల్లోకి, సోఫా కిందికి, గచ్చు పగుళ్లలోకి పోయి, పెద్ద ఫ్లీల రెట్ట తిని పెరుగుతాయి. తర్వాత జిగురు గూడు కట్టుకుంటాయి. దుమ్ము అంటుకున్న ఆ గూడు కంటికి కనిపించదు, దానిలోకి మందూ సరిగా దిగదు. వాతావరణం అనుకూలిస్తే మూడు వారాల్లో ఇదంతా పూర్తవుతుంది. లేకపోతే గూట్లోని ఫ్లీ నెలల తరబడి అలాగే కాచుకుని ఉంటుంది. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలితే బయటికి గెంతుతుంది. వేసవి సెలవులకు ఊరెళ్లి, తాళం తీసి లోపల అడుగుపెట్టగానే కాళ్లకు పురుగులు ఎగబాకాయని చెప్పేవాళ్ల ఇళ్లలో జరిగేది ఇదే.

మీరు ఇవాళ మందు వేస్తే కుక్క మీదున్నవి చస్తాయి. నిన్నటి గూళ్లలోంచి రేపు కొత్తవి వస్తాయి, అవీ కుక్క మీదికెక్కి చస్తాయి. ఆ నిల్వ అయిపోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మధ్యలో మందు మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇల్లు ఎలా శుభ్రం చేసుకోవాలి?

ముందు కుక్క ఎక్కువసేపు పడుకునే చోట్లు గుర్తుపెట్టుకోండి. పని అంతా అక్కడే ఉంటుంది.

పరుపు గుడ్డలు, పాత దుప్పట్లు వారానికోసారి మరిగేంత వేడి నీళ్లలో నానబెట్టి ఉతికి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేయండి. పక్కకి గోనె సంచి వేస్తుంటే మానేయండి. మా వరండాలో రెండేళ్లుగా పరిచి ఉన్న గోనె సంచి తీసి తెల్లటి పంచె మీద దులిపితే, నల్ల నలుసులతోపాటు తెల్లటి దారం ముక్కల్లాంటి పురుగులు మెలికలు తిరిగాయి. అప్పటిదాకా మేం కుక్కకే మందులేస్తున్నాం.

టైల్స్ ఉన్న ఇంట్లో పని తేలిక. మంచాలు, బీరువాల కింద దాకా చీపురుతో ఊడ్చి తడిగుడ్డ పెట్టాలి. సోఫాలు, కార్పెట్లు, కారు సీట్లకు వాక్యూమ్ క్లీనర్ వాడి, అందులోని చెత్తను మూటగట్టి వెంటనే బయట పడేయాలి. పెరట్లో ఎండ తగలని తేమ నేల, మెట్ల కింది మూల, చెట్టు నీడలో కుక్క తవ్వుకున్న గొయ్యి శుభ్రం చేయాలి. ఉధృతి ఎక్కువగా ఉంటే, గుడ్లను, పురుగులను ఎదగనివ్వని పైరిప్రాక్సిఫెన్ లాంటి మందు కలిసిన స్ప్రే పెస్ట్ కంట్రోల్ వాళ్లతో కొట్టించుకోవచ్చు. అది పూర్తిగా ఆరేదాకా పిల్లల్నీ జంతువుల్నీ బయట ఉంచండి. అక్వేరియం ఉంటే ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పండి. ఇలాంటి మందులు చేపలకు ప్రమాదం.

ఏ మందు మంచిది?

కుక్కలకు ఇప్పుడు నమిలే మాత్రలు బాగా పనిచేస్తున్నాయి. అఫోక్సోలనర్ ఉన్న నెక్స్‌గార్డ్, సారోలనర్ ఉన్న సింపారికా నెలకోసారి, ఫ్లురలనర్ ఉన్న బ్రావెక్టో సుమారు 12 వారాలకోసారి ఇస్తారు. ఇవి పిడుదుల మీద కూడా పనిచేస్తాయి. కొన్ని జంతువుల్లో వణుకు, ఫిట్స్ వచ్చే అవకాశం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. కాబట్టి మీ కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. మెడ వెనక వేసే చుక్కల మందుల్లో ఫిప్రోనిల్ బాగా వాడుకలో ఉంది. చుక్కలు వేయడానికి రెండు రోజుల ముందూ తర్వాతా స్నానం చేయించకూడదు. ఇదే ఫిప్రోనిల్ కుందేళ్లకు విషం.

మాత్ర పనిచేయాలంటే ఫ్లీ కుట్టాలి కదా, మరి ఎలర్జీ రాదా అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. కుడుతుంది, కానీ కొన్ని గంటల్లోనే చస్తుంది. గుడ్లు పెట్టే అవకాశం దానికి దొరకదు. ఇంట్లో సంతతి తగ్గేకొద్దీ కాట్లూ తగ్గిపోతాయి.

ఇంట్లో ఎన్ని కుక్కలు, పిల్లులు ఉంటే అన్నింటికీ మందు వేయాలి. గోక్కునేదానికి ఒక్కదానికే వేస్తే, గోక్కోని పిల్లి ఫ్లీలను పోషిస్తూనే ఉంటుంది.

కుక్క మందు కొంచెం తగ్గించి పిల్లికి వేయొచ్చా?

వద్దు. ఇది ప్రాణాల మీదికొచ్చే విషయం. కుక్కల చుక్కల మందులు, పౌడర్లు, షాంపూల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్క కాలేయం దాన్ని విరగ్గొట్టుకోగలదు, పిల్లి కాలేయానికి ఆ శక్తి లేదు. పిల్లి వణికిపోయి, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. కుక్కకు ఆ మందు వేసిన రోజు పిల్లి దానికి ఆనుకుని పడుకోవడమూ మంచిది కాదు. పొరపాటున పడితే గిన్నెలు తోమే లిక్విడ్‌తో గోరువెచ్చని నీళ్లలో కడిగి, తువ్వాలులో చుట్టి వెంటనే డాక్టర్ దగ్గరకు పరుగెత్తండి. పెట్టె మీద పిల్లి బొమ్మ ఉంటేనే పిల్లికి వాడండి.

ఇంజెక్షన్ వేయిస్తే తగ్గుతుంది, నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. ఎందుకని?

ఆ ఇంజెక్షన్ స్టెరాయిడ్ అయి ఉండొచ్చు. అది దురదను అణుస్తుంది, ఫ్లీని చంపదు. పచ్చి పుండ్లతో నిద్రలేకుండా ఉన్న జంతువుకు కొద్దిరోజులు స్టెరాయిడ్ ఇవ్వడం తప్పు కాదు, ఎంతో ఊరట ఇస్తుంది. ఫ్లీల సంగతి పట్టించుకోకుండా దాన్నే నెలనెలా వేయిస్తూ పోవడం తప్పు. చిట్టికి అలా నాలుగు వేయించాం. విపరీతంగా దాహం, ఆకలి, రాత్రిళ్లు ఇంట్లోనే మూత్రం. అవన్నీ మందు ప్రభావమని మాకు ఎవరూ చెప్పలేదు. వేయించే ముందు "ఇది ఏ మందు, ఎన్నాళ్లు పనిచేస్తుంది" అని అడిగి చీటీ మీద రాయించుకోండి. స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి ఉంటే హఠాత్తుగా ఆపేయొద్దు. ఏడాది దాటిన కుక్కలకు దురద తగ్గించే ఒక్లాసిటినిబ్ మాత్రలు కూడా ఉన్నాయి. అవి సరిపడతాయో లేదో డాక్టర్ చూస్తారు.

ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ఫ్లీలకు మందు కాదు. కోలీ జాతి కుక్కలకు అది ప్రమాదం కూడా.

వేపనూనె, పసుపు, కిరోసిన్?

పసుపు ఫ్లీని చంపదు. వేపనూనె వాసనకు కాసేపు దూరంగా ఉండొచ్చేమో గానీ, ఎలర్జీ ఉన్న జంతువుకు ఆ ఆసరా చాలదు. పైగా పచ్చి పుండు మీద మంట. పిల్లులకు అసలు పూయొద్దు. కిరోసిన్, పొలం మందులు, చీమల పొడి, నాఫ్తలిన్ ఉండలు, వెల్లుల్లి, టీ ట్రీ ఆయిల్ దగ్గరికి రానీయకండి. జంతువు ఒంటికి రాసిందంతా నాకి కడుపులోకి పంపుతుంది. మన ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలూ ఇవ్వొద్దు. ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

రోజూ స్నానం చేయిస్తే సరిపోదా?

ఒంటిమీదున్నవి కొన్ని పోతాయి, ఇంట్లోవి సాయంత్రానికి ఎక్కుతాయి. రోజూ సబ్బు పెడితే చర్మం ఎండిపోయి దురద పెరుగుతుంది. డాక్టర్ చెప్పిన షాంపూతో చెప్పినన్ని సార్లే చేయించండి.

మలంలో బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తున్నాయి. దీనికీ ఫ్లీలకూ సంబంధం ఉందా?

ఉంది. అవి బద్దెపురుగు ముక్కలు. తోక కింద వెంట్రుకలకు అంటుకుని ఎండితే నువ్వుల్లా కనిపిస్తాయి. దాని పిల్ల ఫ్లీ కడుపులో పెరుగుతుంది. కొరుక్కునేటప్పుడు ఫ్లీని మింగితే పేగుల్లోకి చేరుతుంది. ప్రాజిక్వాంటెల్ ఉన్న నులిపురుగుల మందు ఇస్తారు. ఫ్లీలు పోకపోతే ఇవీ తిరిగి వస్తాయి.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. మనుషులకు ప్రమాదమా?

ఎలర్జీ అంటుకోదు. ఫ్లీలు మాత్రం మనల్నీ కుడతాయి, ముఖ్యంగా చీలమండల చుట్టూ, పాదాల మీద మూడు నాలుగు ఎర్రటి దద్దుర్లు గుంపుగా లేస్తాయి. మన ఒంటిమీద కాపురం పెట్టవు. అరుదుగా, నేలమీద ఆడుకునే పసిపిల్లలు ఫ్లీని మింగితే బద్దెపురుగు రావచ్చు. ఫ్లీల వల్ల మనుషులకు కొన్ని జ్వరాలు కూడా సోకుతాయి. ఇంట్లో ఫ్లీలున్నప్పుడు ఎవరికైనా జ్వరం వదలకపోతే డాక్టర్‌కు ఆ విషయం చెప్పండి. కుక్కను వదిలించుకోవాల్సిన పనైతే లేదు.

నెల కూడా నిండని కూనలకు ఫ్లీలు పట్టాయి. ఏం చేయాలి?

ఆలస్యం చేయొద్దు. చిన్న ఒంట్లో ఉండే రక్తమే కొంచెం, ఎక్కువ ఫ్లీలు పడితే రక్తహీనతతో చనిపోతాయి. చిగుళ్లు పాలిపోయి తెల్లగా కనిపిస్తే ఆ రోజే తీసుకెళ్లాలి. మాత్రలు చాలావరకు ఎనిమిది వారాలు నిండినవాటికే ఇస్తారు. అప్పటిదాకా పేల దువ్వెనతో దువ్వి, వచ్చినవాటిని సబ్బునీళ్లలో ముంచండి. తల్లికి వైద్యం చేయించండి, పక్కగుడ్డలు రోజూ మార్చండి.

ఇది పూర్తిగా నయమవుతుందా?

ఎలర్జీ గుణం జీవితాంతం ఉంటుంది. కాట్లు లేకపోతే దురద ఉండదు, వెంట్రుకలు మళ్లీ వస్తాయి. చిట్టికి మందు సక్రమంగా మొదలుపెట్టిన మూడో వారానికి రాత్రి చప్పుడు ఆగింది, నాలుగో నెలకు తోక దగ్గర బొచ్చు నిండింది. మరుసటి ఏడాది ఒక నెల మందు వేయడం మరిచిపోయాం, పది రోజుల్లో మళ్లీ కొరుక్కోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు గోడ క్యాలెండర్‌లో ప్రతి నెలా ఒకటో తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంటుంది.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

పాత మందుల చీటీలు, వాడిన మందుల ఖాళీ పెట్టెలు. గోక్కునే వీడియో ఒకటి, ఎందుకంటే క్లినిక్ బల్ల మీద భయంతో కదలకుండా నిలబడుతుంది. తడి పరీక్ష చేసిన కాగితం ఫోటో. ఇంట్లో ఎన్ని జంతువులున్నాయో, దురద ఏ నెలలో మొదలైందో రాసుకుని వెళ్లండి. బయట క్లినిక్‌లో ఎన్నిసార్లు చూపించినా తగ్గకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలోని వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో చూపించవచ్చు. వెళ్లే ముందు రోజు స్నానం చేయించకండి. చర్మం మీద డాక్టర్ చూడాల్సిన రెట్ట, చెక్కులు కడుక్కుపోతాయి.